ఇంజిను మీద దేవుడి మందిరం

విశాఖపట్నం మర్రిపాలెంలో చయనులు అనే ఆయన ఉండేవాడు. చేతిలో మంచి పనితనం ఉన్నా, నలుగురి కంటికీ కనిపించని పని అంటే మాత్రం ఆయనకు చెయ్యి ఆడేది కాదు.

ఓడరేవు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంజిను చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పగలిగేవాడు. ఇంట్లో మాత్రం వీధి తలుపుకు ఇత్తడి పువ్వులు బిగించి, పెరట్లో కారుతున్న కొళాయి కింద బకెట్టు పెట్టి ఊరుకునేవాడు. ఆయన భార్య భ్రమరాంబ ఆ నీళ్ళు మల్లెపాదుకు పోస్తూ, మా ఆయన తవ్వించిన కాలవ ఇది అని నవ్వేది.

వాళ్ళతోపాటే చయనులు పెద్దక్క సోమిదేవమ్మ ఉండేది. తల్లి పోయేనాటికి చయనులు చంటివాడు. రెండో అక్క సుభద్రకు ఇంకా జడ వేసుకోవడం రాదు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చిన సోమిదేవమ్మే ఇద్దర్నీ పెంచింది. ఒకర్ని చంకనెత్తుకుని, ఇంకొకరికి కొంగు అందించి వంట చేసేదని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

సోమిదేవమ్మకు మడి పట్టింపు ఉండేది. మడి అంటే ఈ కాలపు పిల్లలకు తెలియకపోవచ్చు. తలస్నానం చేసి, ఎవరూ తాకకుండా దండెం మీద ఆరేసిన బట్ట కట్టుకుని, తన చేత్తో వండినది దేవుడికి నివేదన చేశాకే తినడం. బయటి తిండి తినకపోవడం, బయటి నీళ్ళు తాగకపోవడం. ఆమె దాన్ని ఎవరి మీదా రుద్దేది కాదు. నా పట్టు నాది, మీరు తినండర్రా అనేది. కానీ ఆ పట్టు వల్లే ఆమె రాజమండ్రి దాటి అవతలికి వెళ్ళలేదు.

సుభద్ర భర్త ముక్తేశ్వరరావుకి జబల్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం. వాళ్ళు అక్కడే స్థిరపడిపోయారు. వీలైనప్పుడల్లా సుభద్రే అక్కను చూడటానికి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ వెళ్ళేటప్పుడు ఒకటే అడిగేది.

“అక్కా, అన్నిసార్లూ నేనే వస్తున్నాను. నా ఇల్లెలా ఉంటుందో నువ్వు చూడనేలేదు. ఒక్కసారి వచ్చి నా పొయ్యి మీద వండి నాకు పెట్టవూ?”

సోమిదేవమ్మ తల ఊపేది. ఎలా వెళ్ళడమో తెలిసేది కాదు. అలా ఉండగా సుభద్రకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఇక ప్రయాణాలు చేయకూడదన్నారు. ఆ కబురు విన్న దగ్గర్నుంచి సోమిదేవమ్మ దేవుణ్ణి వేరే ఏమీ కోరుకోలేదు. చెల్లెలు బతికుండగా ఒక్కసారి దాని ఇంటికి వెళ్ళి, దానికి ఒక పూట వండి పెట్టాలి. అంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే చయనులు కంట ఒక బండి పడింది. జపాను నుంచి ఓడలో దిగిన పొడుగాటి తెల్లని వ్యాను అది. రేవులో పనికి వచ్చిన విదేశీ ఇంజినీర్లు దాన్ని వెంట తెచ్చుకుని, పని ముగిశాక అమ్మేసి వెళ్ళిపోయారు. చయనులు దాన్ని కొని తెచ్చి ఇంటి ముందు నిలబెట్టాడు. అక్కను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకొచ్చాడు.

“దీన్ని ఇల్లుగా మారుస్తాను అక్కయ్యా. నీ పొయ్యి, నీ బిందె, నీ దండెం అన్నీ ఇందులోనే ఉంటాయి. నీ మడి నీతోనే వస్తుంది. తీసుకెళ్ళి సుభద్రక్క గుమ్మం ముందు దింపుతాను.”

సోమిదేవమ్మ బండి పక్కకు వెళ్ళి, ఆవు వీపు నిమిరినట్టు దాని రేకు నిమిరింది.

ఆ వ్యానుకు ఇంజిను ముందుభాగంలో కాక, ముందరి రెండు సీట్ల మధ్య ఒక ఇనప మూత కింద ఉంటుంది. చయనులు మొదటి రోజే ఆ మూత తీసి లోపలికి తొంగి చూశాడు. అక్కకూ భార్యకూ అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు. ఇంజిను లోపల పళ్ళున్న రబ్బరు బెల్టు ఒకటి ఉంటుందట. అది తెగితే బండి ఆగడంతో పోదు, లోపలి భాగాలు ఒకదాన్నొకటి కొట్టుకుని ఇంజినే పాడైపోతుంది. పాతవాళ్ళు దాన్ని ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. కాబట్టి ఏ పనికన్నా ముందు ఆ బెల్టు మార్చాలి. ఆ మాట అన్నది ఆయనే. ఆ బెల్టు ఇక్కడ దొరకదు కనుక తెప్పించమని చెన్నైలో ఒక దుకాణానికి చెప్పాడు. అది వచ్చేలోగా లోపలి పని మొదలుపెట్టాడు.

ఆ పని చూడముచ్చటగా చేశాడు. వెనకవైపు మడిచే మంచాలు అమర్చాడు. ఒక పక్క పొయ్యి గట్టు, దాని పక్కన నీళ్ళ తొట్టి, పైన చిన్న దండెం. ఎత్తు సరిపోయిందో లేదో అక్కను నిలబెట్టి చూసుకున్నాడు. భ్రమరాంబ కిటికీలకు పూల తెరలు కుట్టింది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళేవారు. చయనులు ప్రతి ఒక్కరికీ మంచం మడిచి చూపించేవాడు, మళ్ళీ విప్పి చూపించేవాడు.

సోమిదేవమ్మ ఆ సంబరం చూసి సంతోషించింది. ఇక బయల్దేరదామా అని అడిగింది.

ఇంకా దేవుడి మందిరం కాలేదు అన్నాడు చయనులు.

టేకు చెక్కతో మందిరం చేశాడు. దానికి చిన్న గోపురం, గోపురానికి ఇత్తడి కలశం, లోపల మిణుకుమిణుకుమనే దీపాలు. ఇంత అందమైన దాన్ని ఎక్కడ పెట్టాలని ఆలోచించి, బండి ఎక్కగానే అందరికీ కనిపించేలా ముందరి రెండు సీట్ల మధ్య, ఇంజిను మూత మీద పెట్టాడు. కుదుపులకు కదలకుండా పాలరాతి పలక వేసి గట్టిగా బిగించాడు. పురోహితుణ్ణి పిలిచి, ఇంట్లో పూజించే అయిదుగురు దేవుళ్ళ పంచాయతన విగ్రహాలను అందులో ప్రతిష్ఠ చేయించాడు.

సోమిదేవమ్మ వచ్చి దణ్ణం పెట్టుకుని, విగ్రహాల కింద పలకకు అరచెయ్యి ఆనించి చూసింది. ఇంజిను ఆడుతుండటంతో అది వెచ్చగా ఉంది.

“స్వామికి కింద కుంపటి పెట్టావేమిట్రా” అంది.

భ్రమరాంబ పకపకా నవ్వింది. చయనులు కూడా నవ్వాడు కానీ, మందిరం చోటు మార్చలేదు.

ఆ తరువాత బెల్టు వచ్చింది. అట్టపెట్టెలో, జపాను అక్షరాల కాగితం చుట్టుకుని వచ్చింది. చయనులు దాన్ని విప్పి చూసి, చాలా బాగుందని, మళ్ళీ పెట్టెలో పెట్టి మంచం కింద సొరుగులో దాచాడు. అది వేయాలంటే ఇంజిను మూత తీయాలి. మూత తీయాలంటే మందిరం విప్పాలి. ప్రతిష్ఠ చేసిన దేవుణ్ణి ఊరికే ఎలా కదుపుతాం అన్నాడు. ఉద్వాసన చెప్పించాలి, మంచి రోజు చూడాలి అన్నాడు. శ్రావణ మాసం వచ్చింది. ఈ నెల్లో దేవుణ్ణి లేపుతామా అన్నాడు. భాద్రపదంలో వినాయక చవితి అన్నాడు. ఆ తరువాత పితృపక్షం, ఈ రోజుల్లో శుభకార్యాలు పనికిరావన్నాడు. దసరాలకు బండికి పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టాడు. బెల్టు మాత్రం సొరుగులోనే ఉంది.

అలాగని ఊరికే కూర్చోలేదు. కొత్త పనులు తనే కల్పించుకునేవాడు. బండి కప్పు మీద ఎండతో కరెంటు తీసే పలక బిగించాడు. దానికో బ్యాటరీ. ఆ బ్యాటరీ ఉంది కదా అని చిన్న ఫ్రిజ్జు. పక్కకు గొడుగులా తెరుచుకునే గుడ్డ పందిరి. సముద్రపు గాలికి బండి అడుగున రేకు తుప్పు పడుతుంటే, పైన కొత్త రంగు వేయించాడు. భ్రమరాంబ మధ్యమధ్య బెల్టు సంగతి ఎత్తేది. నీకేం తెలుసు ఇంజిన్ల సంగతి అని ఆయన నోరు మూయించేవాడు.

ఒకనాడు సోమిదేవమ్మే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. చయనులు ఫ్రిజ్జు తలుపుకు లక్ష్మీదేవి బొమ్మ అంటిస్తున్నాడు.

“ఒరే చయనూ, ఆ మందిరం విప్పి బెల్టేదో వేసెయ్యరాదూ?”

“ప్రతిష్ఠ చేశాం కదా అక్కయ్యా. దేవుణ్ణి కదిపితే దోషం.”

“దేవుడు పక్కకి జరగమంటే జరగనన్నాడా? పీట వేసి దణ్ణం పెడితే ఎక్కడైనా కూర్చుంటాడు నా తండ్రి. జరగనిది నువ్వు.”

చయనులు చిన్నబుచ్చుకున్నాడు. కార్తీకం వెళ్ళగానే తప్పకుండా వేస్తానని మాటిచ్చాడు.

కార్తీకం వెళ్ళకముందే జబల్‌పూర్ నుంచి ఫోను వచ్చింది. ముక్తేశ్వరరావు మాట్లాడాడు. సుభద్రకు మందులు పనిచేయడం లేదన్నాడు. డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారట. రేపో మాపో అన్నట్టుంది, వదినగారిని ఒక్కసారి చూడాలని కలవరిస్తోంది అన్నాడు.

ఫోను పెట్టేశాక సోమిదేవమ్మ లేచి వెళ్ళి, గోడ గూట్లో ఉన్న గుడ్డ సంచి తీసింది. రెండు తెల్లచీరలు మడిచి అందులో పెట్టుకుంది. వంటింట్లోకి వెళ్ళి, చెల్లెలికి ఇష్టమైన నువ్వులపొడి ఒక డబ్బాలో పోసుకుంది. ఆ తరువాత వచ్చి భ్రమరాంబతో, సాయంత్రం రాయపూర్ వైపు రైలేదైనా ఉందేమో కనుక్కోమంది.

“రైల్లోనా వదినగారూ? మరి మీ భోజనం?” అంది భ్రమరాంబ.

నాలుగు అరటిపళ్ళు పట్టుకుపోతాను, ఆకలికి నేనేమీ చచ్చిపోను అంది సోమిదేవమ్మ.

చయనులుకి ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఇన్నాళ్ళుగా ఊరంతటికీ చూపించిన బండి గుమ్మం ముందు ఉండగా అక్క అరటిపళ్ళు పట్టుకుని రైలెక్కడమా అనుకున్నాడు. రేపు తెల్లవారకుండా బయల్దేరితే ఎల్లుండి రాత్రి భోజనాల వేళకు జబల్‌పూర్‌లో ఉంటామన్నాడు. దారిలో రెండు పూటలా వేడిగా వండుకోవచ్చన్నాడు. బండి అసలు కొన్నదే ఇందుకు కదా అన్నాడు.

సోమిదేవమ్మ సంచి కింద పెట్టి ఆయన ముఖంలోకి చూసింది.

“బండి సిద్ధంగా ఉందా?”

ఆ క్షణంలో చయనులుకి సొరుగులో ఉన్న అట్టపెట్టె గుర్తుకొచ్చింది. ఇన్నాళ్ళు తెగనిది ఈ రెండు రోజుల్లోనే తెగుతుందా అనుకున్నాడు.

“సిద్ధం అక్కయ్యా” అన్నాడు.

ఆమె ఇంకేమీ అడగలేదు. పెంచిన బిడ్డ మాట కదా, నమ్మింది.

మర్నాడు చీకటి విడుతుండగా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి బయల్దేరారు. సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుంటే సోమిదేవమ్మ కిటికీకి ముఖం ఆనించి, కొండల్ని చిన్నపిల్లలా చూసింది. ఇంత ప్రపంచం ఉందని తెలియకుండానే ముసలిదాన్నయ్యాను సుమా అంది. కోరాపుట్ దగ్గర ఒక వాగు పక్కన బండి ఆపారు. ఆమె స్నానం చేసి, మడి కట్టుకుని, బండిలో వంట చేసింది. కందిపప్పు, చింతపండు చారు. చయనులు పందిరి విప్పి, దాని నీడలో విస్తర్లు వేశాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి బండిని వింతగా చూస్తుంటే, ఆయన భోజనం మధ్యలో లేచి వాళ్ళకి ఫ్రిజ్జు తెరిచి చూపించి వచ్చాడు. ఆయన జీవితంలో అంత తృప్తిగా గడిచిన పూట అదేనేమో.

ఆ రాత్రి జగదల్‌పూర్‌లో ఆగారు. తెల్లవారుజామునే మళ్ళీ బయల్దేరారు. ఊరు దాటి అడవిదారిలో చాలాదూరం వచ్చాక, సోమిదేవమ్మ మందిరం ముందు కూర్చుని విష్ణు సహస్రనామం చదువుకుంటోంది. ఇంజినులో టప్‌మని ఒక చప్పుడు. ఆ వెంటనే గుప్పెడు మేకులు రోట్లో వేసి దంచినట్టు గలగల. అంతే, బండి మూగదైపోయింది.

చయనులు బండిని మెల్లగా రోడ్డు పక్కకు దొర్లించి ఆపాడు. దిగలేదు. స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఏం జరిగిందో తెలుసుకోవడానికి ఆయనకు మూత తీయాల్సిన పని లేకపోయింది.

భ్రమరాంబ మాత్రం గబగబా వెనక్కి వెళ్ళి, సొరుగు లాగి అట్టపెట్టె తెచ్చింది.

“కొత్తది ఉందిగా ఏమండీ. వేసెయ్యండి.”

“ఇప్పుడు వేసి లాభం లేదే” అన్నాడు చయనులు. “లోపల అన్నీ వంగిపోయాయి. నిన్న వేసి ఉంటే సరిపోయేది.”

చుట్టూ సాలచెట్లు తప్ప ఏమీ లేవు. ఆ కంగారులో, నంబర్లన్నీ ఉన్న ఆ ఒక్క ఫోనూ తీస్తే అందులో ప్రాణం లేదు. రాత్రంతా చార్జరుకు తగిలించే ఉంచాడు, కానీ బ్యాటరీలోని కరెంటంతా ఫ్రిజ్జే తాగేసింది. కప్పు మీది పలకతో ఎక్కిద్దామంటే పైన అడవి నీడే తప్ప ఎండ పడటం లేదు.

సోమిదేవమ్మ సహస్రనామం మధ్యలో ఆపి, పుస్తకం మూసి, సంచి భుజాన వేసుకుని రోడ్డు మీదకు దిగింది. రాయపూర్ వెళ్ళే బస్సు ఇటే వస్తుందా అని మాత్రం అడిగింది. వస్తుందన్నాడు చయనులు. కానీ బండిని వదిలి తను రాలేనన్నాడు. లోపల దేవుడున్నాడు కదా అన్నాడు.

“కండువాలో చుట్టుకుని తీసుకురా” అంది సోమిదేవమ్మ.

చయనులు మందిరం ముందు మోకరిల్లాడు. ఒక్కొక్క విగ్రహాన్నీ ఎత్తాడు. కండువాలో పెట్టి ముడి వేశాడు. ఒక మూర చెయ్యి చాపడం తప్ప దానికి వేరే పని పట్టలేదు. ఆ ముడి గుండెకు ఆనించుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాడు. సొరుగులో బెల్టు దాచిన నాడే ఈ పని చేసి ఉంటే ఏమయ్యేదని ఎవరూ అనలేదు. అని ఉంటే కొంత నయంగా ఉండేదని ఆయన తరువాత చెప్పుకున్నాడు.

బస్సులు నిండుగా వచ్చి ఆగకుండా పోయాయి. ఎండ నడినెత్తికి వచ్చింది, పక్కకు వాలింది. దేవుడు మూటలో ఉండగా నివేదన ఏదని సోమిదేవమ్మ పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చివరికి ఒక బస్సు ఆగింది. అందులో నిలబడి కొంతదూరం పోయాక ఆమె కళ్ళు తిరిగి సీటు పక్కన కూలబడిపోయింది. ఆ సీటులో బిడ్డనెత్తుకున్న ఒక అడవిపల్లె మనిషి ఉంది. ఆమె లేచి చోటిచ్చి, తన సీసాలోని నీళ్ళు పట్టింది. భ్రమరాంబ చెయ్యి అడ్డం పెట్టబోయింది.

సోమిదేవమ్మ ఆ చేతిని పక్కకు తప్పించింది.

“తాగనీ అమ్మాయ్. నేను చేరాలి” అంది.

తాగింది. ఆ మనిషి ఇచ్చిన అటుకులు కూడా రెండు పిడికిళ్ళు తింది. ఏళ్ళ తరబడి కాపాడుకున్న నియమం అక్కడితో పోయింది. చయనులు కిటికీ వైపు తిరిగి, కండువా ముడి మీద తల పెట్టుకున్నాడు.

రాయపూర్‌లో బస్సు మారారు. ఆ బస్సు దారంతా ఆగుతూ పోయి, మర్నాడు మధ్యాహ్నానికి జబల్‌పూర్ చేర్చింది. రిక్షా మాట్లాడుకుని వీధి అడుగుతూ అడుగుతూ వెళ్ళారు. దూరం నుంచే ఇల్లు తెలిసింది. వాకిలి కడిగి ఉంది. తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల గోడవారన నేల మీద ఒక్క దీపం వెలుగుతోంది.

సోమిదేవమ్మ రిక్షా ఇంకా ఆగకముందే దిగింది. దీపం చూసింది. గుమ్మం పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయింది.

ముక్తేశ్వరరావు అప్పుడే నర్మదలో మునిగి, తడిబట్టలతో ఇంటికి వచ్చాడు. వదినగారిని చూసి ఏడ్చాడు. తెల్లవారుజామున పోయిందన్నాడు. మీ ఫోను మోగలేదు, ఎక్కడున్నారో తెలియలేదు, పెద్దలు ఆగకూడదన్నారు అన్నాడు. తరువాత కాస్త తేరుకుని చెప్పాడు.

“రాత్రి భోజనాల వేళకి వస్తారని చెప్పాను వదినగారూ. అప్పట్నుంచీ కన్ను మూయలేదు. వీధిలో ఏ బండి చప్పుడైనా, అక్కేనా చూడండి అనేది. నేను వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి. చివరిసారి వెళ్ళి వచ్చేసరికి అడగలేదు.”

చయనులు వీధిలోనే నిలబడిపోయాడు. చావు జరిగిన ఇంట్లోకి దేవుడి విగ్రహాలు తీసుకెళ్ళకూడదు. తోడబుట్టినవాడికి మైల తగిలాక వాటిని పట్టుకోనూ కూడదు. కింద పెట్టడానికి చోటు లేదు, లోపలికి వెళ్ళడానికి దారి లేదు. ఎదురింటి మరాఠీ ఆవిడ చూసి, తన చీర చెంగు పట్టి ఆ మూట అందుకుని తీసుకెళ్ళింది. ఉత్త చేతులతో ఆయన అక్క ఇంట్లోకి అడుగుపెట్టాడు.

సోమిదేవమ్మ చెల్లెలి ఇల్లంతా తిరిగి చూసింది. వంటింటి పక్కన చిన్న గది ఒకటి ఉంది. అందులో ఎత్తుగా కట్టిన వెదురు దండెం, విడిగా ఒక పొయ్యి, పక్కనే పీట, మూతపెట్టిన ఇత్తడి బిందె. ఎవరూ వాడినట్టు లేవు, అయినా దుమ్ము లేదు. బిందె ఎండలో పెట్టిన బంగారంలా ఉంది. ఇదెవరిదని అడిగింది.

“మీదేనండీ” అన్నాడు ముక్తేశ్వరరావు. “ఈ ఇల్లు కట్టిన నాడే మీకోసమని చేయించింది. శుక్రవారం శుక్రవారం తనే చింతపండుతో తోమేది. ఎవరూ చూడని గదికి ఎందుకే ఇంత చాకిరీ అంటే, అక్క చెప్పి వస్తుందా, ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉండాలి కదా అనేది. మంచం పట్టాక కూడా పక్కన కూర్చుని తోమించింది.”

సోమిదేవమ్మ బిందె వైపు చెయ్యి చాపింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది. మైల ఇల్లు. పొయ్యి వెలిగించకూడదు. మడి అన్నమాటే లేదు. ఆ పూట పక్కింటివాళ్ళు పంపిన అన్నమే నలుగురూ తిన్నారు. నువ్వులపొడి డబ్బా సంచిలోనే ఉండిపోయింది.

చయనులు అక్క కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తిట్టమన్నాడు. కొట్టమన్నాడు. ఆమె ఆయన తల మీద చెయ్యి వేసింది. చిన్నప్పుడు జ్వరం వస్తే వేసినట్టే వేసింది.

“నేను అడిగింది ఒక్కటేరా నాయనా. నేను అడగనివన్నీ ఇచ్చావు.”

అంతకుమించి ఆమె ఆ రోజు గాని, తరువాత గాని ఆ సంగతి ఎత్తలేదు.

అందరూ రైల్లో తిరిగి వచ్చారు. కొంతకాలానికి చయనులు బండిని లారీకి కట్టించి విశాఖపట్నం తెప్పించాడు. మందిరం విప్పి ఇంట్లో పెట్టాడు. రోజూ పొద్దున్నే బండి కిందికి దూరి, ఎవరికీ కనిపించకుండా పనిచేసేవాడు. ఇంజిను మొత్తం విప్పి బాగుచేశాడు. కొత్త బెల్టు వేశాడు. అడుగు రేకు తుప్పు గీకి, నూనె పట్టించాడు. వచ్చినవాళ్ళకు మంచాలు మడిచి చూపించడం మానేశాడు. పనంతా అయ్యాక అక్క దగ్గరకు వచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. ఈసారి బండి నిజంగా సిద్ధంగా ఉంది, ఎక్కడికి వెళ్దామంటే అక్కడికి తీసుకెళ్తానన్నాడు.

సోమిదేవమ్మ జపమాల తిప్పుతూ చాలాసేపు వీధిలోని బండిని చూసింది.

“దూరాన నాకింకెవరున్నార్రా?” అంది.

ఆ బండి చాలా ఏళ్ళు మంచి స్థితిలో, కదలకుండా ఆ వాకిట్లోనే ఉండిపోయింది.

నలుగురూ మెచ్చే పనులు ఎన్ని చేసినా, ఎవరికీ కనిపించని అవసరమైన పనిని వాయిదా వేసిన లోటు తీరదు. ఆ పని చేయకుండా, మనల్ని నమ్ముకున్నవాళ్ళకు ‘సిద్ధం’ అని ఎన్నడూ చెప్పకూడదు.